సెలవు మీద ఊరెళ్లిన జైలు

శేషావతారం గారికి ఏడేళ్ల జైలుశిక్ష పడిందని తెలిసిన రోజు ఆ పట్నంలో చేపల బజారు నుంచి గుమాస్తాల కాలనీ దాకా జనం మిఠాయిలు పంచుకున్నారు. పాలకడలి డిపాజిట్స్ అని బోర్డు కట్టి, ఎవరూ కలలో కూడా అనుకోనంత వడ్డీ ఇస్తానని చెప్పి, మూడు జిల్లాల జనం దాచుకున్నదంతా ఆయన ఒక్క గుటకలో మింగేశాడు. పేరులోనే పాలున్నాయి కాబట్టి మింగడం తేలికైందని కొందరన్నారు. ఏమైతేనేం, ఏడేళ్లంటే తక్కువ కాదు. ఏడేళ్లలో కొబ్బరి మొక్క కాపుకొస్తుంది. ఉయ్యాల్లో పిల్ల పలక పట్టి ఎక్కాలు చదువుతుంది. అన్నాళ్లూ ఆయన ఊచలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడనుకుని జనం పోయిన సొమ్ములో సగం మరిచిపోయారు.

ఆయన జైలుకు వచ్చిన మాట నిజమే. పెద్ద గేటు తీసి లోపలికి తీసుకున్నది వార్డరు పైడిరాజే. అప్పుడు భోజనాల వేళ. శేషావతారం గారు కంచం ముందు కూర్చున్నారు. అన్నం కలిపారు. పప్పు బాగుందని మెచ్చుకున్నారు. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి గుండె పట్టుకున్నారు. మళ్లీ పెద్ద గేటు తీసి ఆయన్ని అంబులెన్సు ఎక్కించిందీ పైడిరాజే. మొదటిసారి తీసిన తాళంచెవి ఇంకా అతని చేతిలోనే ఉంది.

ఆ గుండెనొప్పి మహా క్రమశిక్షణ గల నొప్పి. ఆసుపత్రి ఏసీ గదిలో ఉన్నంతసేపూ బుద్ధిగా పడుకునేది. 'ఇక జైలుకు పంపవచ్చు' అని డాక్టరు కాగితం రాయబోతే చాలు, లేచి కూర్చునేది. నొప్పి కాస్త సెలవు తీసుకున్న రోజుల్లో పెరోలు వచ్చేది. పినమామగారి సంవత్సరీకం, తోడల్లుడి గృహప్రవేశం, మేనత్త ఆడపడుచు కంటి ఆపరేషన్. దేవుడు ఆయనకి డబ్బుతో పాటు బంధువుల్ని కూడా ధారాళంగా ఇచ్చాడు.

ఇలా చాలాకాలం జరిగాక ఒక జడ్జిగారికి అనుమానం వచ్చింది. "ఈ ఖైదీ ఇంతవరకు ఎంతకాలం జైల్లో ఉన్నాడో చెప్పండి" అని అడిగారు. జైలువారు రికార్డులన్నీ తిరగేసి, ఎక్కడా అబద్ధం చెప్పకూడదని నిశ్చయించుకుని, 'పప్పు నుండి మజ్జిగ వరకు' అని జవాబు రాశారు.

జడ్జిగారికి కోపం వచ్చింది. ఇకమీదట ఆ ఖైదీ శిక్షలో ప్రతి రోజూ జైల్లోనే గడవాలనీ, ఒక్క రోజు తప్పినా జైలు సూపరింటెండెంటు స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలనీ ఉత్తర్వు వేశారు.

సూపరింటెండెంటు పరమేశం గారు వెంటనే పెద్ద మీటింగు పెట్టారు. రాజధాని నుంచి జైళ్ల శాఖ కార్యదర్శి గారు కూడా వచ్చారు. పైడిరాజు తలుపు దగ్గర నిలబడ్డాడు.

కార్యదర్శి గారు గొంతు సవరించుకున్నారు. "ఖైదీని జైలుకు తరలించుటలో వైద్యపరమైన ఇబ్బందులున్నవి. కోర్టు ఉత్తర్వును ఉల్లంఘించుటలో చట్టపరమైన ఇబ్బందులున్నవి. ఈ ఉభయ ఇబ్బందులను పరిహరించు నిమిత్తము, జైలునే ఖైదీ వద్దకు తరలించుట సముచితమని ప్రభుత్వము భావించుచున్నది."

"గోడలతో సహానా అండి?" అన్నారు పరమేశం గారు.

"గోడలున్నంత మాత్రాన జైలగునా? సినిమాహాలుకు లేవా గోడలు?"

"మరి ఊచలండీ?"

"మా ఇంటి కిటికీకున్నవి."

"పప్పన్నమండీ?"

"హాస్టలు. పరమేశం గారూ, మూలంలోకి వెళ్లవలెను. ఫలానావాడు జైల్లో ఉన్నాడనడానికి జనం ఏమందురు? 'లోపలున్నాడు' అందురు. విడుదలైతే? 'బయటికొచ్చాడు' అందురు. లోపల, బయట అను రెంటినీ విడదీయునదేది?"

అందరూ ఆలోచనలో పడ్డారు. ఎవరికీ ఏమీ తోచక పైడిరాజు వైపు చూశారు. పైడిరాజు కంగారుపడి, "గేటండి" అన్నాడు. అతనికి తెలిసిందదే.

"గేటు!" కార్యదర్శి గారు బల్ల చరిచారు. "కనుక గేటే జైలు. తక్కినదంతా అలంకారము."

మూడో రోజుకి ఉత్తర్వు వచ్చేసింది. సంచార గేటు ఎక్కడ నిలిచియుండునో దాని లోపలివైపు పది గజాల మేర గల ప్రదేశమంతయు జైలుగా ఇందుమూలముగా ప్రకటించడమైనది. జైలు కమ్మరిషెడ్డులో ఖైదీలే ఆ గేటు చేశారు. ఛాతీ ఎత్తున, రెండు చిన్న చక్రాల మీద, పక్కన ఏ గోడా లేకుండా నిలబడే ఇనుప గేటు. దానికో తాళం. ఒకవైపు 'లోపల' అని, రెండోవైపు 'బయట' అని తెల్లరంగుతో రాశారు. 'లోపల' అన్న వైపు ఎప్పుడూ ఖైదీకి ఎదురుగా ఉండేట్టు పట్టుకోవాలి. గేటు అనే మాట మొదట పైడిరాజు నోట వచ్చింది గనక ఆ బాధ్యత అతనికే అప్పగించారు. ఉత్తర్వు కింద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉంది: ఏ పరిస్థితులలోను గేటును సదరు పైడిరాజు చేతి నుండి విడువరాదు.

ఆ వాక్యం చదివాక పైడిరాజుకి మొదట గుర్తొచ్చింది కూతురు. మోక్షితకి అయిదు నిండాయి. పోయినేడాది అంగన్‌వాడీకి తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానని మాటిచ్చాడు. సెలవు దొరకలేదు. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని ఎదురుచూసి, ఎదురుచూసి, అసలు అంగన్‌వాడీకే వెళ్లనంది. ఏడాది పొడుగునా వెళ్లలేదు. తల్లి ఎత్తుకెళ్తే మంచం కోడు పట్టుకుని వేలాడింది. టీచరమ్మ ఇంటికొస్తే నీళ్ల గాబు చాటున దాక్కుంది. ఇప్పుడు జూన్‌లో ఒకటో తరగతి.

భార్య అరుణ ఫోన్లో నిర్మొహమాటంగా చెప్పింది. "బడి తెరిసిన రోజు నువ్వొచ్చి సెయ్యట్టుకుంటే ఎల్తాదట. నేకపోతే నేదు. ఆ తరవాత మేకల ఎనక ఎల్లిపోయిందని నన్నని లాభం నేదు."

"వత్తానే. సెలవు రాసి పెట్టినాను."

"రాసీడం నీకలవాటే. ఇచ్చినోడేడీ?"

ఇంతలో పిల్ల ఫోను లాక్కుంది. "నాన్నా, నువ్వు జైల్లో ఉన్నావేటి?"

"అవునమ్మా."

"ఏటి దొంగిలించినావు?"

"నానేటీ దొంగిలించలేదమ్మా. దొంగిలించినోలకి కాపలా."

"మరి దొంగిలించినోలు ఇంటికెల్తన్నారు గదా, టీవీలో సూపించినారు. నువ్వేల రావు?"

పైడిరాజు సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాడు.

జైలే కదిలి వస్తుందని తెలిశాక శేషావతారం గారికి ఆసుపత్రి అవసరం తీరిపోయింది. సముద్రపు ఒడ్డున ఉన్న తన తోట బంగళాకి మారారు. పైడిరాజు గేటు తోసుకుంటూ వెనకే వెళ్లాడు. ఆయన చెడ్డ మనిషని ముఖం చూసి ఎవరూ అనలేరు. గొంతు పెంచడు. చీమని కూడా 'ఏమ్మా' అని పలకరిస్తాడు. "పైడిరాజూ, ఎండలో నిలబడకయ్యా, జైలు కాస్త ఆ నీడకి జరుపు. కొబ్బరినీళ్లు తాగు" అనేవాడు.

షుగరు ఉంది గనక రోజూ పొద్దున ఇసుకలో నడవాలని డాక్టరు చెప్పాడు. ఖైదీ నడిస్తే జైలూ నడవాలి కదా. ఆయన చేతులూపుకుంటూ ముందు నడిచేవాడు. చక్రాలు ఇసుకలో కూరుకుపోయి పైడిరాజు వెనకబడేవాడు.

"బేగి రావయ్యా, నేను బయటికొచ్చేస్తున్నాను!" అని శేషావతారం గారు నవ్వుతూ కేకేసేవారు.

"ఆగండి బాబూ, జైలు దిగబడిపోనాది!" అని పైడిరాజు రొప్పేవాడు.

ఆ నడకని జైలు రికార్డులో కఠినశ్రమ అని రాసుకున్నారు. కఠినశ్రమ చేసిన ఖైదీకి శిక్షలో కొన్ని రోజులు తగ్గించడం రూలు. మంచి నడవడికకి మరికొన్ని రోజులు. శేషావతారం గారు తోటి ఖైదీలెవరితోనూ కొట్లాడలేదు. తోటి ఖైదీలే లేరు. తోటలో మామిడికాయ తన చేత్తో తెంపుకుంటే వ్యవసాయ శిక్షణ అన్నారు. పేపరు చదివితే వయోజన విద్య అన్నారు. ఒళ్లు పట్టించుకునేటప్పుడు నోరెత్తకుండా పడుకున్నందుకు ఓర్పు కింద ఒక వారం తగ్గించారు. తర్వాత పరమేశం గారే సిబ్బందిని వెంటబెట్టుకుని ఆదివారాలు తోటకి రావడం మొదలుపెట్టారు. శేషావతారం గారు వాళ్లకి పొదుపు మీద పాఠాలు చెప్పేవారు. ఉన్నచోట డబ్బు నిద్రపోతుందనీ, దాన్ని లేపి తన చేతికిస్తే పరుగెడుతుందనీ ఆయన చెబుతుంటే పరమేశం గారి కళ్లు చెమర్చేవి. ఆ పాఠాలకి విద్యాదానం కింద ఏకంగా నెల తగ్గింది. పరమేశం గారు తన నిద్రపోతున్న డబ్బుని కూడా లేపి ఇచ్చేశారని వార్డర్లు చెప్పుకున్నారు.

అక్కడితో ఆగలేదు. పట్నంలో ఆర్థిక నిజాయితీ వారోత్సవాలు జరిగితే, అనుభవం గల వ్యక్తి కావాలని శేషావతారం గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. పైడిరాజు గేటుతో వేదిక ఎక్కి ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాడు. అంటే ఆ సాయంత్రం వేదిక మీదున్న పెద్దలందరూ చట్టప్రకారం జైల్లో ఉన్నట్టే. ఒక్కరూ ఇబ్బంది పడలేదు. "చాలా ప్రశాంతంగా ఉంది, మేము ఇదివరకు అనవసరంగా భయపడ్డాం" అని ఒక పెద్దాయన మైకులోనే అన్నారు. దండలు మిగిలితే గేటుకీ ఒకటి వేశారు.

ఆ తర్వాత వారమే నూకాలమ్మ వచ్చింది.

నూకాలమ్మ చేపలమ్ముతుంది. ఐసుపెట్టె ఉన్న మూడు చక్రాల బండి కొనుక్కోవాలని, రోజూ గంప దించగానే కొంత తీసి పాలకడలి ఏజెంటు చేతిలో పోసింది. ఇప్పుడు ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, తోట బయట నిలబడి కేకలేసింది.

"ఒరే శేసావతారం! బయటికి రారా!"

శేషావతారం గారు పడకకుర్చీలోంచి నొచ్చుకుంటూ అన్నారు. "రాకూడదమ్మా. శిక్ష అనుభవిస్తున్నాను."

పైడిరాజు గేటు పట్టుకుని అడ్డం వెళ్లాడు. "అప్పా, అక్కడే ఆగు. నువ్వున్నది బయట. ఇది లోపల."

"ఏటి లోపల? గోడేదిరా నాయినా? తాటాకు దడైనా నేదు."

"గేటుంది గదా."

"గేటు పక్కనుంచి కుక్క ఎల్లిపోతంది, సూడు!"

నిజంగానే ఒక కుక్క గేటు పక్కనుంచి జైల్లోకి వెళ్లి, శేషావతారం గారి ప్లేటు వాసన చూసి, తిరిగి బయటికొచ్చేసింది.

"కుక్కకి ములాకత్ అక్కర్నేదప్పా. మనిసికి కావాలి. అదీ బందువులకే ఇత్తారు. నీకాయన ఏటవుతాడు?"

"నా సొమ్ముతో కాపరం సేత్తన్నాడు. ఇంతకన్నా దగ్గిర సమ్మందం ఏటుంటాదిరా?"

పైడిరాజుకి నవ్వాగలేదు. నవ్వులో చెయ్యి కాస్త వదులైంది. ఆ నేల సముద్రం వైపు వాలు. గేటు తనంతట తనే నాలుగడుగులు దొర్లి నూకాలమ్మ పక్కగా దాటి ఆగింది. ఆవిడ కాలు కదపలేదు. జైలే వచ్చి ఆవిడని మింగింది.

ఆ రోజు ఆదివారం. పాఠం వినడానికొచ్చిన పరమేశం గారు అంతా చూశారు. ఆయన లేచి నిలబడి గంభీరంగా, "అనుమతి లేకుండా జైల్లోకి చొరబడుట. అదియును మా సమక్షంలో" అన్నారు.

"నాను చొరబడనేదు బాబూ! అదే వచ్చి నన్నంటుకున్నాది!"

"జైలు తనంతట తాను ఎవరినీ అంటుకోదమ్మా. జైలుకు ఆ స్వభావము లేదు."

నూకాలమ్మని అసలు జైలుకు, గోడలున్న జైలుకు, ఆడవాళ్ల వార్డుకు పంపారు. ఊళ్లో అమ్మవారి పండగ వెళ్లిపోయేదాకా ఆవిడ అక్కడే దోమల మధ్య పడుకుంది. పాలకడలి కేసు మొత్తంలో అప్పటిదాకా జైలు నేల మీద నిద్రపోయిన మనిషి ఆవిడ ఒక్కతే. పైడిరాజు తనలో తను చాలా కుమిలిపోయాడు. గేటు మీద చెయ్యి మళ్లీ ఎప్పుడూ వదులు కానియ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. అన్నం తినేటప్పుడు కూడా ఎడంచెయ్యి గేటు మీదే ఉంచేవాడు.

జూన్ రెండో వారం వచ్చింది. శేషావతారం గారి తగ్గింపులన్నీ కలిపి చూస్తే, ఏడేళ్ల శిక్షలో ఇంక రెండు వారాలు కూడా మిగల్లేదు. తోటలో సన్మానానికి పందిరి వేస్తున్నారు. అటు పైడిరాజు సొంతూరు ములగవలసలో ఎల్లుండే బడి తెరుస్తారు. పైడిరాజు గేటు తోసుకుంటూనే పడకగది గుమ్మం దాకా వెళ్లి, అక్కడ పాఠం వింటున్న పరమేశం గారి ముందు నిలబడ్డాడు.

"అయ్యా, నా సెలవు."

"దానికేమయ్యా! సెలవు నీ హక్కు." పరమేశం గారు ఆ వేళ మంచి హుషారులో ఉన్నారు. "సర్వీసులో చేరిన దగ్గర్నుంచి ఒక్క సెలవూ వాడుకోలేదట. అన్నీ నిల్వ ఉన్నాయి. ఎన్నాళ్లు కావాలో నువ్వే చూసుకో. ఇదిగో, మంజూరు చేస్తున్నాను." అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

"గేటు ఎవరికి అప్పగించమంటారండి?"

"అప్పగించడమేమిటి? ఉత్తర్వులో ఏముంది? ఏ పరిస్థితులలోనూ నీ చేతి నుంచి విడవకూడదని ఉందా లేదా?"

"ఉందండి. మరి సెలవు?"

"మంజూరైంది కదా."

"గేటు?"

"విడవకూడదు."

"ఈ రెంట్లో ఏది సెయ్యమంటారండి?"

పరమేశం గారు మందలిస్తున్నట్టు చూశారు. "రెండూ ప్రభుత్వ ఉత్తర్వులేనయ్యా. ఒకటి పాటించి ఒకటి మానడానికి ఇదేమన్నా మీ ఇల్లా?"

వెళ్లలేడనే ఆయన ధీమా. కానీ పైడిరాజు ఉద్యోగంలో చేరాక ఒక్క ఉత్తర్వునీ ధిక్కరించి ఎరగడు. రెండుంటే రెండూ పాటించాలని పెద్దాయనే చెప్పాడు. ఆ మాట మననం చేసుకుంటూ మర్నాడు పొద్దున్నే బట్టలు సర్దుకున్నాడు.

శేషావతారం గారు వరండాలో ముఖానికి గంధం పట్టించుకుని, కళ్ల మీద దోసకాయ ముక్కలు పెట్టుకుని పడుకున్నారు.

"బాబూ, నాను సెలవు మీద ఊరెల్తన్నాను."

"మంచిదయ్యా. పాపకి నా ఆశీస్సులు చెప్పు."

"గేటు కూడా తీసుకెల్తన్నాను బాబూ. ఒదలకూడదంట."

"అలాగే, అలాగే" అన్నారాయన నిద్రలో.

బస్సు దగ్గర కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏటిది?"

"జైలు."

"సాల్లే పరాసికాలు. లగేజీ కొట్టమంటావా?"

పైడిరాజు జేబులోంచి ఉత్తర్వు తీసి చూపించాడు. కండక్టరు పెదాలు కదుపుతూ అంతా చదివి, తల గోక్కుని, జైలుకి లగేజీ టిక్కెట్టే కొట్టాడు.

ముందు సీట్లో ముసలాయన మెడ తిప్పాడు. "అయితే ఇప్పుడు మనం జైల్లో ఉన్నట్టేటి?"

"పది గజాల్లోపలున్నోలంతా ఉన్నట్టే, మావా."

"మరి మద్దేనం కూడెవులు పెడతారు? జైలన్నాక పెట్టాల గదా?"

వెనక సీటు కుర్రాళ్లు "మేం బయటున్నాం! మేం బయటున్నాం!" అని గోల చేశారు. డ్రైవరు బ్రేకేసేసరికి గేటు రెండు సీట్లు వెనక్కి జరిగి వాళ్లనీ లోపలేసుకుంది. ములగవలస వచ్చేదాకా బస్సంతా ఒకటే నవ్వులు.

బడి తెరిచే రోజు పొద్దున మోక్షిత ఎవరూ పిలవకుండానే లేచి, జడలు వేయించుకుని, సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. పైడిరాజు కుడిచెయ్యి గేటు మీద ఉంది. పిల్ల ఎడంచెయ్యి గట్టిగా పట్టుకుంది. జైలుతో కలిపి ముగ్గురూ బయల్దేరారు. ఇళ్ల ముందు జనం నిలబడి చూశారు.

బడి గుమ్మం ఇంకా నాలుగడుగులుందనగా వెనక నుంచి కారు హారను మోగింది. కారు ఆగీ ఆగకముందే శేషావతారం గారు దూకారు. చెంపల మీద గంధం ఎండి పొలుసులు పొలుసులుగా ఉంది. కాలికి ఒక్కటే చెప్పుంది. కారు వెనకే ఆటోలు, ఆటోల వెనక వ్యాను. వాటి నిండా పాలకడలి జనం. అందరికన్నా ముందు ఆటోలో నూకాలమ్మ.

"పైడిరాజూ! గేటు ఇటు తిప్పు! నన్ను లోపలికి తీసుకో!"

జరిగింది ఇది. ఆయన నిద్ర లేచి కళ్ల మీద ముక్కలు తీసేసరికి గేటు లేదు. ఆ రోజు నూకాలమ్మ మళ్లీ వచ్చి చూసింది. 'బయట' అన్న రాత లేదు. 'అయితే ఇప్పుడు లోపలేదీ, బయటేదీ?' అని అడిగి, నేరుగా వరండాలోకి నడిచి, ఆయన పడకకుర్చీ పక్కన గంప దించుకుని కూర్చుంది. ఆ కబురు బజారుకి పాకింది. మధ్యాహ్నానికి వరండాలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. ఆయన ఎటు నడిస్తే అటు నడిచారు, అంతే. ఏది తింటే అది చూశారు. రాత్రంతా చుట్టూ కూర్చుని తమ తమ వడ్డీల గురించి నెమ్మదిగా మాట్లాడుకున్నారు. తెల్లారేసరికి ఆయన కారెక్కి జైలుని వెతుక్కుంటూ బయల్దేరారు.

ఇప్పుడాయన పరుగున వచ్చి గేటు పక్కన నిలబడి, ఊచలు పట్టుకుని జనంతో అన్నారు. "చూడండి, నేను లోపలున్నాను! లోపలున్నాను! ములాకత్ లేకుండా రాకండి!"

"బాబూ," అన్నాడు పైడిరాజు మొహమాటంగా, "నాను సెలవులో ఉన్నాను. డూటీలో లేనప్పుడు కైదీని తీసుకోకూడదండి."

అప్పుడే, రాత్రి శేషావతారం గారు చేసిన ఫోన్లకి పరుగెత్తుకొచ్చిన పరమేశం గారూ, కార్యదర్శి గారూ జీపు దిగారు. మాస్టారు కంగారుగా బడిలోంచి ఒక బెంచీ తెచ్చి వేశారు. బెంచీ ఒకటో తరగతిది. కార్యదర్శి గారు మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చుని విచారణ మొదలుపెట్టారు.

"ఖైదీ పారిపోయెనా?"

"లేదండి. ఉన్నచోటే పడుకున్నారు" అన్నారు పరమేశం గారు.

"అటులైన జైలు పారిపోయెనా?"

"జైలు సెలవులో ఉందండి."

"సెలవెవరిచ్చిరి?"

పరమేశం గారు నేల చూశారు.

"సెలవు రద్దు చేసెయ్యండి!" అన్నారు శేషావతారం గారు.

"రద్దు చేయవలెనన్న, మంజూరు చేయుట పొరపాటని రాయవలెను. ప్రభుత్వము పొరపాటు చేసినట్టు ఇంతవరకు ఏ ఫైలులోను లేదు."

"పోనీ ఆసుపత్రి. నాకు నొప్పి వస్తున్నట్టుంది."

"ఆసుపత్రిలో ఉన్నంతకాలము జైల్లో ఉన్నట్టు చూపుటకు గేటు కావలెను. గేటు సెలవులోనున్నది. ఇప్పటికే ఒక రోజు లోటు. జడ్జిగారు సూపరింటెండెంటును పిలిచెదరు."

పరమేశం గారు ఒక అడుగు వెనక్కి వేశారు. తనని పిలిస్తే ఆదివారం పాఠాల సంగతి కూడా అడుగుతారేమో.

నూకాలమ్మ గంప చంక మార్చుకుంది. "ఓలబ్బో, ఇంత ఇచారమేటి? పట్నంలో పాత జైలుంది గదా, గోడలున్నది. నాను పడుకున్నాను. దోమలుంటాయి గానీ తలుపులు మా గట్టివి."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అలాంటి జైలు ఒకటుందన్న సంగతే వాళ్లు మరిచిపోయారు. కార్యదర్శి గారి ముఖం వెలిగింది. "సంచార జైలు సెలవు ముగించుకొని విధులలో చేరునంతవరకు, ఖైదీని స్థిర జైలునందు తాత్కాలికముగా ఉంచవలెను. తగ్గింపులు, విడుదల తేదీ, సన్మానము మొదలగునవన్నియు సంచార జైలుకు సంబంధించినవి గనుక, అవియును సదరు సెలవు ముగియువరకు నిలిపివేయడమైనది."

శేషావతారం గారు ఊచలు వదల్లేదు. జీపులో వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది.

ఈ గొడవలో పైడిరాజుకి ఎడంచేతిలో ఏదో తేడా తెలిసింది. చూసుకున్నాడు. చెయ్యి ఖాళీగా ఉంది. బడి గుమ్మంలోంచి ఎవరో రెండు జడల పిల్ల పిలిస్తే మోక్షిత ఎప్పుడో లోపలికి పరుగెత్తింది. కనీసం వెనక్కి తిరిగి కూడా చూడలేదు. లోపల అప్పుడే ఎవరితోనో కూర్చునే చోటు గురించి తగాదా పడుతోంది. అందరి గొంతుల్లోకీ దాని గొంతే పెద్దగా వినిపిస్తోంది.

"పైడిరాజూ," అన్నారు కార్యదర్శి గారు కలం తీసి, "ఉత్తర్వులో రాయవలెను. నీ సెలవు ఎన్నాళ్లు?"

పాలకడలి జనమంతా అతని వైపు చూశారు. జీపులోంచి శేషావతారం గారు కూడా చూశారు.

"పాప బడికి అలవాటు పడేదాకండి."

"ఉజ్జాయింపుగా ఎన్నాళ్లు పట్టవచ్చును?"

లోపల మోక్షిత పకపకా నవ్వింది. పైడిరాజు అటు తల తిప్పలేదు.

"శానా రోజులు పడతాదండి" అన్నాడు. "గుంట ఒట్టి సిగ్గరి."